హైస్కూల్ పిల్లల సమ్మర్ రీసెర్చ్: డబ్బు పోకుండా, టైమ్ వృథా కాకుండా

అమెరికాలో ఉండే మన ఇళ్లలో పిల్లలు తొమ్మిదో క్లాసు దాటితే చాలు, ఏ పాట్‌లక్‌కి వెళ్లినా ఒకటే ప్రశ్న: "సమ్మర్‌కి ఏం చేయిస్తున్నారండీ?" మేముండేది న్యూజెర్సీలో. మా అమ్మాయి ల్యాబుల వెంట, మా వాడు ఆసుపత్రుల వెంట పడ్డారు, వాళ్ల వెనకాల ఫారాలు పట్టుకుని నేను పడ్డాను. చేసి చూసినవే చెబుతున్నా, మీకు కుదిరినవి తీసుకోండి.

1. వేట మొదలుపెట్టాల్సింది ఏప్రిల్‌లో కాదు, బతుకమ్మ ఆడి వచ్చిన వారంలో. ఎంఐటీలో జరిగే ఆర్ఎస్ఐ (రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్) లాంటి వాటికి గడువు డిసెంబర్‌లోనే అయిపోతుంది, మిగతావి ఎక్కువగా జనవరి, ఫిబ్రవరిల్లో. సంక్రాంతి ముగ్గు వేసేసరికి సగం తలుపులు మూసేసి ఉంటాయి.

2. ఒక కాగితం మీద గళ్లు గీసి ప్రోగ్రామ్ పేరు, గడువు, వయసు, ఫీజు, ఎన్ని ఉత్తరాలు కావాలి అని రాసి ఫ్రిజ్‌కి అంటించండి. పిల్లాడు పాల కోసం తలుపు తీసినప్పుడల్లా చూస్తాడు, మీరు రోజూ గుర్తుచేసే పని తప్పుతుంది.

3. ఏ ప్రోగ్రామ్ పేజీ తెరిచినా ముందు అర్హతల లైన్ చదవండి, బొమ్మలు తర్వాత చూడొచ్చు. స్టాన్‌ఫర్డ్ మెడిసిన్ వాళ్ల సిమ్ర్, స్టోనీ బ్రూక్‌లోని సైమన్స్ ప్రోగ్రామ్ లాంటివి అమెరికా పౌరులకి, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకే. వ్యాసాలన్నీ రాశాక ఆ సంగతి తెలిస్తే పిల్లల ఉత్సాహం నీరుగారిపోతుంది.

4. హెచ్-4 మీద ఉన్న పిల్లలకి ఉద్యోగం చేసే అనుమతి లేదు, స్టైపెండ్ కూడా కొన్నిచోట్ల జీతం లెక్కలోకే వస్తుంది. వాళ్లకి ఆర్ఎస్ఐ, ఎస్ఎస్‌పీ (సమ్మర్ సైన్స్ ప్రోగ్రామ్) లాంటి విదేశీ పిల్లల్నీ తీసుకునే ప్రోగ్రాములు ముందు చూడండి. ఏ ఆఫర్ వచ్చినా సంతకానికి ముందు ఆ ఆఫీసునీ, మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌నీ అడగండి. ఈ ఒక్క విషయం మాత్రం పాట్‌లక్ సలహాతో తేల్చకండి.

5. పుట్టినరోజు లెక్క చూసుకోండి. సైమన్స్, రాక్‌ఫెల్లర్, ప్రిన్స్‌టన్ ల్యాబ్ ప్రోగ్రాములకి 16 నిండాలి, టెక్సస్ టెక్‌లోని క్లార్క్ స్కాలర్స్‌కి 17. ఆగస్టులో పుట్టిన పిల్లలైతే తోటివాళ్లతో పాటు కాకుండా మరుసటి ఏడాదికి ప్లాన్ వేసుకోండి, అప్లికేషన్ శ్రమ మిగులుతుంది.

6. ఫీజు లేనివాటితో మొదలుపెట్టండి. ఆర్ఎస్ఐ 1984 నుంచి నడుస్తోంది, చదువు, వసతి, భోజనం అన్నీ వాళ్లవే, పోనూ రానూ ఖర్చు మాత్రం మనది. లబ్బక్‌లో జరిగే క్లార్క్ స్కాలర్స్‌లో 12 మందినే తీసుకుంటారు, ఉచితంగా ఉంచుకుని పైగా స్టైపెండ్ ఇస్తారు.

7. మీ రాష్ట్రం సొంతంగా నడిపేవి వెతకండి, పోటీ ఆ రాష్ట్రం పిల్లల మధ్యే ఉంటుంది. మా న్యూజెర్సీలో సైన్స్‌కి డ్రూ యూనివర్సిటీలో, ఇంజినీరింగ్‌కి రట్గర్స్‌లో గవర్నర్స్ స్కూల్స్ ఉన్నాయి. పెన్సిల్వేనియా వాళ్లకి కార్నెగీ మెలన్‌లో, కాలిఫోర్నియా వాళ్లకి యూసీ క్యాంపస్‌లలో కాస్మోస్ పేరుతో ఉన్నాయి. కాస్మోస్‌కి మాత్రం ఫీజు ఉంది, సాయం అడగొచ్చు.

8. ఇంటి దగ్గర ఉన్న యూనివర్సిటీని చిన్నచూపు చూడకండి. ప్రిన్స్‌టన్ ల్యాబ్ ప్రోగ్రామ్‌లో ఫీజు లేదు, హాస్టల్ లేదు, స్టైపెండ్ లేదు. రోజూ వెళ్లి రాగలిగినవాళ్లే చేరగలరు కాబట్టి దగ్గర్లో ఉండటం మీకు లాభమే. న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్ అయితే దగ్గర్లో ఉండేవాళ్లే రావాలని షరతే పెడుతుంది.

9. డబ్బు కట్టే ప్రోగ్రామ్ అయితే చెక్కు ఎవరి పేరు మీద రాయమంటున్నారో చూడండి. పెద్ద యూనివర్సిటీ పేరు పైన ఉండి, చెక్కు ఏదో కంపెనీకి వెళ్తుంటే, వాళ్లు వేసవిలో ఖాళీగా ఉన్న హాస్టల్ గదులు అద్దెకు తీసుకుని నడుపుతున్నారన్నమాట. ఆ యూనివర్సిటీ ప్రొఫెసర్లకి దాంతో సంబంధం ఉండకపోవచ్చు.

10. "మీ అబ్బాయి ఎంపికయ్యాడు" అని బంగారు ముద్రతో కవరు వస్తే వెంటనే అత్తగారికి ఫోన్ చేయకండి. మనం అప్లై చేయకుండా ఎంపిక చేశారంటే అది ప్రకటన, రీసైక్లింగ్ డబ్బాకి వెళ్లాల్సిందే.

11. ఫీజు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఆఖరి రోజుకి మా పిల్ల చేతిలో ఏం ఉంటుంది?" పోస్టరో, రిపోర్టో, చేయి పట్టి నేర్పిన మనిషో ఉంటే అది రీసెర్చ్. రెండు వారాలు లెక్చర్లు, క్యాంపస్ టూరు, అరటిపండుకి కుట్లు వేయడం అయితే అది సరదా. సరదా కోసం పంపినా తప్పులేదు, కానీ వేల డాలర్లు పోస్తున్నప్పుడు దేనికి పోస్తున్నామో తెలియాలి కదా.

12. ఫీజు అంకె చూసి పేజీ మూసేయకండి. 1959 నుంచి ఉన్న ఎస్ఎస్‌పీలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. అప్లికేషన్‌తో పాటే ఆ ఫారం నింపితే తర్వాత పరుగులు ఉండవు.

13. అప్లికేషన్ ఫీజులు చిల్లరగానే పోతాయి, కూడితే మాత్రం ఒక నెల సరుకుల ఖర్చు. చాలాచోట్ల ఇబ్బంది ఉన్నవాళ్లకి మాఫీ ఉంటుంది, కట్టకముందే ఒక ఈమెయిల్ కొట్టండి.

14. కొన్నిటికి స్కూల్ నామినేషన్ కావాలి, సైమన్స్ అందులో ఒకటి. అక్టోబర్‌లోనే పిల్లల్ని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి పేరు చెప్పి రమ్మనండి, ఫిబ్రవరిలో వెళితే ఆ చోటు వేరే పిల్లకి ఇచ్చేసి ఉంటారు.

15. టీచర్ల ఉత్తరాలు థాంక్స్‌గివింగ్‌కి ముందే అడిగించండి. ఆ క్లాసులో పిల్ల ఏ ప్రాజెక్ట్ చేసిందో, ఎక్కడ తడబడి మళ్లీ ఎలా లేచిందో ఒక పేజీ రాసిస్తే టీచర్‌కి పని తగ్గుతుంది, ఉత్తరంలో బలం పెరుగుతుంది. మైసూర్‌పాక్ డబ్బా ఉత్తరం వెళ్లాక ఇవ్వండి, ముందు కాదు.

16. "చిన్నప్పటి నుంచి డాక్టర్ అవ్వాలని నా కల" అనే వాక్యం కనపడితే కొట్టేయించండి. పండుగ రోజుల్లో నానమ్మ షుగర్ ఎలా పెరిగిందో గ్లూకోమీటర్ చూసి రాసుకున్న పిల్లకి అడగడానికి ఒక ప్రశ్న ఉన్నట్టు, అది రాయమనండి.

17. వ్యాసం మీరు రాయకండి, నలభై ఏళ్ల మనిషి ఇంగ్లిష్ చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. మీరు కూరగాయలు తరుగుతుంటే పక్కన నిలబడి పైకి చదవమనండి. ఎక్కడ నాలుక మడతపడిందో అక్కడ మార్చాలి.

18. ప్రోగ్రామ్ దొరకలేదా, దగ్గరి యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ పేజీలోకి వెళ్లి కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ల జాబితా రాసుకోండి. కొత్త ల్యాబుల్లో పని ఎక్కువ, చేతులు తక్కువ. పెద్ద పేరున్నవాళ్ల కంటే వీళ్లు జవాబివ్వడమే ఎక్కువ.

19. ప్రొఫెసర్‌కి ఈమెయిల్ ఐదారు లైన్లు దాటకూడదు: నేనెవరు, మీ ఏ పేపర్ చూశాను, అందులో నాకొచ్చిన ఒక సందేహం, ఏ వారాలు ఖాళీ. పేపర్ల సారాంశాలు పబ్‌మెడ్‌లో ఉచితంగా దొరుకుతాయి, కొనక్కర్లేదు. "రెస్పెక్టెడ్ సర్" అని మన పద్ధతిలో మొదలుపెట్టకుండా "డియర్ డాక్టర్ ఫలానా" అనమనండి.

20. పేరు మాత్రం మార్చి అదే ఉత్తరం అందరికీ పంపితే, అతికించిన చోట అక్షరాల సైజు తేడాగా ఉండి దొరికిపోతారు. రోజుకి ఒకరికే, చదివి రాయమనండి. పంపేది పిల్లల సొంత ఐడీ నుంచే, అదీ వీడియో గేమ్ పేరుతో ఉన్నది కాకుండా.

21. జవాబు రాకపోతే పది రోజులకి ఒక్కసారి గుర్తుచేయాలి, అంతే. మీరు ఫోన్ చేయకండి, ఆయన ఆఫీసు బయట అస్సలు నిలబడకండి.

22. ప్రొఫెసర్ల కంటే పీహెచ్‌డీ పిల్లలు, పోస్ట్‌డాక్‌లు తొందరగా దొరుకుతారు, ల్యాబ్‌లో చేయి పట్టి నేర్పేదీ వాళ్లే. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో వచ్చిన వాళ్లు గుళ్లో, ఉగాది సభల్లో ఎదురవుతారు. ఒక ఆదివారం భోజనానికి పిలిచి ల్యాబ్ అంటే ఏమిటో పిల్లలకి చెప్పమనండి. చోటు ఇప్పించమని మాత్రం అన్నం ముందు పెట్టి అడగకండి, ఇరుకున పడతారు.

23. పదహారు నిండని పిల్లలకి, ల్యాబ్‌లోకి రానివ్వని చోట్ల కంప్యూటర్ మీద చేసే రీసెర్చ్ మంచి దారి. జన్యువుల సమాచారానికి జెన్‌బ్యాంక్, అమెరికా ప్రజల ఆరోగ్య లెక్కలకి సీడీసీ వాళ్ల ఎన్‌హేన్స్ ఉన్నాయి, రెండూ ఉచితం. పైథాన్ కాస్త వస్తే డైనింగ్ టేబుల్ మీదే పని నడుస్తుంది.

24. ఆసుపత్రిలో మెడికల్ ఇంటర్న్‌షిప్ అన్నా, హైస్కూల్ పిల్లలు చేసేది ఎక్కువగా వాలంటీర్ పనే: వీల్‌చైర్ తోయడం, మంచినీళ్లు ఇవ్వడం, దారి చూపించడం. ఇది ముందే చెప్పి పంపితే మొదటివారం ముఖం మాడ్చుకుని ఇంటికి రారు.

25. ఆసుపత్రి వాలంటీర్ ఫారాలు చలికాలంలోనే నింపండి, వేసవి చోట్లు వసంతానికే అయిపోతాయి. ఇన్ని గంటలు చేయాలని షరతు ఉంటుంది, ఇండియా టికెట్లు కొనకముందే అది చూడండి.

26. మన ఇళ్లకి బాగా పనికొచ్చేది ఇది. ఇండియాలో పుట్టిన పిల్లలకి భుజం మీద బీసీజీ మచ్చ ఉంటుంది. ఆసుపత్రిలో చేరేముందు అడిగే టీబీ పరీక్ష చర్మంలో సూదితో చేయిస్తే, జబ్బు లేకపోయినా ఆ టీకా వల్లే చేయి ఉబ్బి పాజిటివ్ రావచ్చు. ఇక ఎక్స్‌రే అని, ఇంకో అపాయింట్‌మెంట్ అని తిరుగుతూ చేరాల్సిన తేదీ దాటిపోతుంది. ముందుగానే డాక్టర్‌కి బీసీజీ సంగతి చెప్పి క్వాంటిఫెరాన్ లాంటి రక్త పరీక్ష రాయించుకోండి. బీసీజీ వల్ల దాని ఫలితం మారదు, చేయి చూపించడానికి రెండోసారి క్లినిక్‌కి వెళ్లే పనీ ఉండదు.

27. అదే రోజు మీజిల్స్, చికెన్‌పాక్స్‌లకి రక్షణ ఉందో లేదో కూడా అదే రక్తంతో చూడమనండి, ఒక్క సూదితో పోతుంది. ఇండియా టీకాల కార్డు అమ్మమ్మగారి బీరువాలో ఉంటే ఇప్పుడే ఫొటో తీయించి తెప్పించుకోండి.

28. రోగుల వివరాలు బయటపెట్టకూడదని 1996 నుంచి హిపా అనే చట్టం ఉంది, వాలంటీర్లకీ వర్తిస్తుంది. వార్డులో సెల్ఫీ వద్దు, పేర్లు రాసుకోవద్దు. ఇది పిల్లలకంటే మనకే కష్టం: "ఇవాళ మనవాళ్లెవరైనా చేరారా?" అని భోజనాల దగ్గర అడగకండి.

29. డాక్టర్ వెంట ఉండి చూడటానికి పెద్ద ఆసుపత్రి కంటే తెలిసినవాళ్ల సొంత క్లినిక్ సులువు. అడిగే ఉత్తరం పిల్లలే రాయాలి, మీరు అంకుల్‌కి వాట్సాప్ పెడితే పిల్లాడికి ఏమీ మిగలదు.

30. తేదీ, గంటలు, చూసింది ఒక లైను, ఆ సాయంత్రమే నోట్‌బుక్‌లో పడాలి. బ్రౌన్‌లో డిగ్రీ, మెడిసిన్ కలిపి ఉండే పీఎల్ఎంఈ, కాన్సాస్ సిటీ యూఎంకేసీలో ఆరేళ్ల మెడిసిన్ లాంటి వాటికి అప్లై చేసేటప్పుడు ఆ పుస్తకమే ఆదుకుంటుంది.

31. ప్రొసీజర్ చూడబోయే రోజు కడుపునిండా టిఫిన్ పెట్టి పంపండి. కళ్లు తిరిగినట్టుంటే సిగ్గుపడకుండా గోడకి ఆనుకుని కింద కూర్చోమనండి, పడి తల పగలడం కంటే నయం.

32. ఆసుపత్రి దొరకకపోతే వృద్ధుల హోమ్‌కి వెళ్లమనండి, అక్కడ మనుషుల అవసరం ఎక్కువ, పోటీ తక్కువ. ఏడాది పొడుగునా శనివారం రెండు గంటలు, వేసవిలో రెండు వారాల హడావిడి కంటే నా లెక్కలో ఎక్కువ.

33. ల్యాబ్‌కి ముందు భాగం మూసి ఉన్న బూట్లు, పొడుగు కాటన్ ప్యాంటు, ముడేసిన జుట్టు. చున్నీ, గాజులు, వేలాడే జుంకాలు ఇంట్లోనే. కొత్త బట్టలు కొనకండి, యాసిడ్ చుక్క పడటానికి పాతవే మేలు.

34. బ్యాగులో ఒక స్వెటర్ ఎప్పుడూ ఉండాలి. బయట జూలై ఎండ, లోపల కోల్డ్ రూమ్ 4 డిగ్రీలు.

35. లంచ్ డబ్బా ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, అది రసాయనాలకీ నమూనాలకీ. పులిహోర, పెరుగన్నం అయితే మైక్రోవేవ్ క్యూలో నిలబడక్కర్లేదు. చేపల పులుసు వారాంతానికి దాచండి.

36. సేఫ్టీ ట్రైనింగ్, తల్లిదండ్రుల సంతకాలు, మైనర్ల ఫారాలు అన్నీ మే నెలలోనే పూర్తిచేయండి, లేకపోతే మొదటివారం వరండాలో కూర్చోబెడతారు. జీతం ఇచ్చే చోటైతే న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో పద్దెనిమిది నిండనివాళ్లకి వర్క్ పర్మిట్ కూడా అడుగుతారు.

37. మొదట్లో సీసాలు కడగడం, పిపెట్‌తో నీళ్లు పోయడం ఇస్తారు. మా అమ్మాయి నేర్చుకున్న కిటుకు చెబుతా: 1000 మైక్రోలీటర్ల నీళ్లు త్రాసు మీద వేస్తే 1 గ్రాము తూగాలి. పదిసార్లు వేసి పదిసార్లూ అంతే వస్తే చేయి కుదిరినట్టు, రాకపోతే బొటనవేలు బటన్ వదలడంలో తొందర ఉందన్నమాట. ఖరీదైన రసాయనం ముట్టుకోకముందే తప్పు బయటపడుతుంది.

38. ల్యాబ్ నోట్‌బుక్‌లో పెన్నుతోనే రాయాలి, తేదీ వేయాలి, తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, పేజీ చింపకూడదు. ఆ పుస్తకం ల్యాబ్ ఆస్తి, సెలవులయ్యాక ఇంటికి తెచ్చుకునేది కాదు.

39. సందేహాలన్నీ జేబు పుస్తకంలో రాసుకుని సాయంత్రం ఒకేసారి అడగమనండి. నేర్పేవాళ్ల పని ఆగదు, వాళ్లు విసుక్కోరు.

40. సైన్స్ ఫెయిర్‌కి పంపాలనుకుంటే ఫారాలు ప్రయోగానికి ముందే. అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్ ఐసెఫ్ నియమాల్లో మనుషులు, వెన్నెముక ఉన్న జంతువులు, సూక్ష్మజీవులు ఉన్న ప్రాజెక్టులకి ముందస్తు అనుమతి కావాలి, చివరికి స్నేహితులతో నింపించిన సర్వేకి కూడా. ల్యాబ్‌లో చేసిన పనికి మెంటర్ సంతకం పెట్టాల్సిన 1సీ అనే ఫారం ఉంటుంది, ఆఖరి వారంలోనే సంతకం పెట్టించుకుని రమ్మనండి.

41. రీజెనరాన్ సైన్స్ టాలెంట్ సెర్చ్ పోటీలో మొదటి బహుమతి 2,50,000 డాలర్లని విని అందరం ఎగిరిపడతాం. అది ఒక్కరే చేసిన ప్రాజెక్టులకి మాత్రమే, కాబట్టి ఇద్దరు కలిసి మొదలుపెట్టకముందే ఆలోచించుకోమనండి.

42. రైలుకి నెల పాసు తీసి ఇవ్వండి, పార్కింగ్ డబ్బులూ మిగులుతాయి, మీ పొద్దులూ మిగులుతాయి. దారిలో చదువుకుంటారో ఫోన్ చూస్తారో, అది మన చేతిలో లేదు.

43. ఇండియా ప్రయాణం ఆగస్టు రెండో సగానికో డిసెంబర్‌కో మార్చండి. ఆరేడు వారాల ప్రోగ్రామ్‌లో మేనమామ పెళ్లికి వారం సెలవు అడిగితే మళ్లీ మనవాళ్లని తీసుకోవడానికి ఆలోచిస్తారు.

44. గుంటూరులోనో వరంగల్‌లోనో బంధువుల ఆసుపత్రిలో కూర్చుని చూడటం మంచిదే, ఒక ఉత్తరం కూడా రాయించుకోండి. కానీ "మన ఆసుపత్రే కదా" అని ఇంజెక్షన్ చేయించడం, కుట్లు వేయించడం వద్దే వద్దు. రోగికి ప్రమాదం, పైగా ఇక్కడి అప్లికేషన్‌లో గొప్పగా రాసుకుంటే అదే కొంప ముంచుతుంది.

45. ఆర్ఎస్ఐ ప్రపంచం మొత్తం మీద ఏటా తీసుకునేది సుమారు వందమందిని. అలాంటివి ఒకటి రెండు, రాష్ట్రం నడిపేవి కొన్ని, ఇంటి దగ్గరివి కొన్ని కలిపి వేయించండి. ఫలితం రాకముందు కుటుంబ వాట్సాప్ గ్రూపులో చెప్పకండి.

46. ఏదీ రాకపోతే కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ క్లాసు ఒకటి, ఐస్‌క్రీమ్ షాపులో పని ఒకటి. క్లాసు ఫీజు తక్కువ, షాపులో జీతం వస్తుంది, జనంతో మాట్లాడటం అలవాటవుతుంది.

47. చివరి రోజు బల్ల తుడిచి, ఫ్రీజర్‌లో తన డబ్బాల మీద పేరు, తేదీ రాసి రావాలి. పోస్ట్‌డాక్‌లు వేరే ఊళ్లకి మారిపోతుంటారు, వాళ్ల సొంత ఈమెయిల్ అప్పుడే అడిగి తీసుకోమనండి.

48. కామన్ యాప్‌లో పదే గళ్లు, ఒక్కో దానికి 150 అక్షరాలే. ఇంటికొచ్చిన వారంలోనే ఆ 150 రాయించేయండి, శరదృతువులో వ్యాసాల గోల మధ్య ఏం చేశారో వాళ్లకే గుర్తుండదు.

49. స్టైపెండ్ చెక్కు పిల్లల పేరు మీదే వస్తుంది, కాబట్టి జూన్‌లోనే బ్యాంకులో టీన్ ఖాతా తెరిచి ఉంచండి. చెక్కుతో వచ్చిన కాగితాలు ఒక కవర్లో వేసి పన్ను ఫైల్‌లో పెట్టండి, ఏప్రిల్‌లో ఇల్లంతా వెతుక్కోనక్కర్లేదు.